బుగ్గన కరక్కాయ పెచ్చు

చలికాలంలో గొంతు గరగరమంటే మా ఇంట్లో ముందు బయటికొచ్చేది కరక్కాయల డబ్బా. అమ్మ ఒక కాయను రోకలితో చితక్కొట్టి, గింజ తీసేసి, చిన్న పెచ్చు చేతిలో పెట్టేది. "నమిలేయకు, బుగ్గన పెట్టుకో. ఊరిన రసం కొద్దికొద్దిగా మింగు" అనేది. ఆ మాటలో ఎంత విషయం ఉందో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

కరక్కాయ, పసుపు, తేనె, వెల్లుల్లి బాక్టీరియాను చంపుతాయా? ల్యాబులో అయితే చంపుతాయి. జెల్లీ లాంటి అగార్ పోసిన పళ్లెంలో బాక్టీరియాను పెంచి, సారంలో ముంచిన చిన్న కాగితపు బిళ్లను మధ్యలో పెడతారు. మర్నాటికి బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయం కనిపిస్తే సారం పనిచేసినట్టు. పేపర్లలో వచ్చే 'వంటింటి యాంటీబయాటిక్' వార్తలు చాలావరకు ఈ వలయం నుంచి పుట్టినవే. కానీ ఆ సారాన్ని తరచుగా ఆల్కహాల్‌తో తీస్తారు, పైగా అది రాత్రంతా బాక్టీరియాను అంటిపెట్టుకుని ఉంటుంది. మనం పుక్కిలించేది అర నిమిషం. ఆ తర్వాత రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే లాలాజలం అంతా కడిగేస్తుంది.

పసుపు సంగతే చూడండి. పసుపు నీళ్ల గ్లాసును కాసేపు కదపకుండా ఉంచితే అడుగున పొడి పేరుకుంటుంది. అందులోని కర్క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, పేగుల్లోంచి రక్తంలోకీ సరిగా ఎక్కదు. మిరియాల్లోని పైపెరిన్ తోడైతే 20 రెట్లు ఎక్కువగా ఎక్కుతుందని బెంగళూరు పరిశోధకులు 1998లో చూపించారు. మిరియాలు వేసిన పసుపు పాలకు ఇది మంచి సాక్ష్యమే అనిపిస్తుంది. అయితే వాళ్లు ఇచ్చింది 2 గ్రాముల శుద్ధమైన కర్క్యుమిన్. పసుపులో అది సుమారు 3 శాతమే ఉంటుంది. ఆ లెక్కన గ్లాసు పాలలో 60 గ్రాములకు పైగా పసుపు కలపాలి. ఎవరు తాగుతారు?

తేనె కథ వేరు. అందులో నీరు తక్కువ, పులుపు ఎక్కువ. కాస్త పలచబడగానే అందులోని ఒక ఎంజైమ్ హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారు చేస్తుంది. పుండ్లు కడిగే మందు అదే. మరిగే నీళ్లలో కలిపితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, కాబట్టి గోరువెచ్చని నీళ్లు చాలు. జలుబు, దగ్గు బాధను తేనె తగ్గిస్తోందని 2020లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పాత ప్రయోగాలన్నీ కలిపి చూసి తేల్చారు. ఏడాది నిండని పిల్లలకు మాత్రం నాకించకూడదు. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఉప్పు నీళ్లు బాక్టీరియాను చంపవు. గ్లాసుకు అర చెంచా ఉప్పు వేస్తే మన ఒంట్లోని ద్రవాల కంటే కాస్త ఉప్పగా ఉంటాయి, వాచిన పొరలోంచి నీటిని లాగుతాయి. ఉపశమనం అక్కడిదే. అతిమధురమూ అంతే. ఆపరేషన్‌కు మత్తిచ్చి గొంతులో గొట్టం వేసే ముందు అతిమధురం నీళ్లు పుక్కిలిస్తే, తర్వాత గొంతు నొప్పి తగ్గిందని ప్రయోగాల్లో తేలింది. ఆ నొప్పికి కారణం గొట్టం రాపిడి, బాక్టీరియా కాదు.

ఇక కరక్కాయ. అర నిమిషం సమస్యకు అమ్మ చెప్పిన 'బుగ్గన పెట్టుకో' చక్కటి జవాబు. పెచ్చు నెమ్మదిగా ఊరుతూ అరగంట సేపు గొంతును తడుపుతూనే ఉంటుంది. నోరు పట్టేసే ఆ వగరు టానిన్లది. అవి ప్రొటీన్లను పట్టి ముద్దగా చేస్తాయి, అది మన లాలాజలంలోదైనా సరే, బాక్టీరియా ఒంటి మీదిదైనా సరే. నా ఓటు దీనికే.

కానీ గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌లవి, వాటంతట అవే తగ్గిపోతాయి. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చేవి పెద్దల్లో 5 నుంచి 15 శాతం, పిల్లల్లో 20 నుంచి 30 శాతం. ఆ బాక్టీరియా టాన్సిల్స్ గుంతల్లో, కణాల లోపల కూడా దాక్కుంటుంది. అక్కడికి ఏ కషాయమూ చేరదు. వదిలేస్తే కొందరు పిల్లల్లో రెండు మూడు వారాల తర్వాత రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. పెన్సిలిన్ మాత్రలను పది రోజులు పూర్తిగా వాడమనేది అందుకే.

అమ్మకు ఈ పేర్లేవీ తెలియవు. దగ్గు, జలుబు లేకుండా ఒళ్లు కాలిపోతుంటే మాత్రం దవడ కింద బిళ్ల కట్టిందేమో తడిమేది, నోరు తెరిపించి టార్చి వేసేది. టాన్సిల్స్ మీద తెల్లగా కనిపిస్తే కరక్కాయల డబ్బా అలమరలోకి వెళ్లిపోయేది, నేను డాక్టరు దగ్గరికి.