కోర్టు రాలేదు, సెంటు ధర దిగలేదు

కర్నూలులో హైకోర్టు బెంచి మాట మళ్లీ నలుగురి నోళ్లలో నానుతోంది. ఆ మాట లేచినప్పుడల్లా నంద్యాల రోడ్డు పొడుగునా వెంచర్ల ఫ్లెక్సీలు మారతాయి. ఈసారి దాంతోపాటే ఇంకో గొడవ పైకొచ్చింది. ముప్పై దాటుతున్నా, చేతిలో ఉద్యోగం ఉన్నా సొంతానికి మూడు సెంట్లు కొనలేక అద్దె పోర్షన్లలో ఉంటున్న పిల్లలు, ఈ ఊళ్లో భూమి ధరకు లెక్కేమిటని అడుగుతున్నారు. సమాధానం చెప్పాలంటే కొన్నేళ్లు వెనక్కి పోవాలి.

రాజధానో హైకోర్టో సీమకు రావాలన్న శ్రీబాగ్ ఒడంబడిక, 1953 నాటి గుడారాల రాజధాని, మూడేళ్లకే అది హైదరాబాదుకు తరలిపోవడం... ఇవన్నీ ఈ ఊళ్లో బడిపిల్లలు కూడా చెప్తారు. వాటి జోలికి ఇప్పుడు పోను. ఇంటి ధర సంగతిలో అసలు మలుపు 2019 చివరి మూడు నెలల్లో ఉంది.

ఆ ఏడాది అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. రాష్ట్రం మొత్తమ్మీద లక్షకు పైగా ఉద్యోగాలు ఒక్కసారిగా వచ్చాయి. ఆదోని, ఆలూరు, పత్తికొండ పక్క ఊళ్లలో అమ్మానాన్నలు సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోతూ చదివించుకున్న పిల్లలకు అది మొదటి సర్కారు కొలువు. జీతం నెలకు 15,000. రెండేళ్ల ప్రొబేషన్ అన్నారు. ఉద్యోగం చేతికొచ్చింది, ఇక ఇల్లు చూసుకోవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు అనుకున్న ఇళ్లు వేలల్లో ఉన్నాయి.

సరిగ్గా రెండున్నర నెలలకు, డిసెంబరు 17న, అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి శాసనసభలో మూడు రాజధానుల మాట చెప్పారు. కర్నూలు న్యాయ రాజధాని అవుతుందన్నారు, అంటే హైకోర్టు ఇక్కడికి వస్తుందని. అప్పటికి చట్టం లేదు, కమిటీ నివేదికలు కూడా పూర్తిగా అందలేదు. భూమి వ్యాపారానికి మాత్రం ఆ ఒక్క మాట సరిపోయింది.

తర్వాత ఏం జరిగిందో కొంచెం వివరంగా చెప్పాలి. ఊరి శివార్లలో భూమి చేతులు మారే పద్ధతి తెలియకపోతే ధర ఎలా పెరిగిందో అర్థం కాదు.

పొలం ఉన్న రైతు దగ్గరికి దళారి వస్తాడు. ఎకరా ఇంతని మాట్లాడుకుని పదో వంతో, ఇంకా తక్కువో బయానా ఇస్తాడు. మిగతా సొమ్ముకు మూడు నెలలో ఆరు నెలలో గడువు పెట్టి అగ్రిమెంటు రాసుకుంటారు. రిజిస్ట్రేషన్ కాదు, ఒట్టి అగ్రిమెంటు. గడువు తీరేలోపు ఆ అగ్రిమెంటునే ఇంకొకరికి పై ధరకు అమ్మేస్తాడు. రెండో మనిషి మూడో మనిషికి అమ్ముతాడు. చివరికి కొనేవాడు వచ్చినప్పుడు రిజిస్ట్రేషన్ రైతు పేరు మీద నుంచి నేరుగా అతనికే అవుతుంది. నడుమ ఉన్న ఇద్దరు ముగ్గురి పేర్లు ఏ కాగితంలోనూ ఉండవు. వాళ్లు స్టాంపు డ్యూటీ కట్టరు, వాళ్ల లాభం ఏ లెక్కలోకీ ఎక్కదు. వాళ్లు వేసుకున్న ప్రతి పై ధరా చివర్లో ఇల్లు కట్టుకోవడానికి కొనేవాడి నెత్తినే పడుతుంది.

ఇలాంటి వ్యాపారానికి నిజంగా కోర్టు కట్టాల్సిన పని లేదు. గడువు తీరేలోపు కోర్టు వస్తుందని నమ్మేవాడు ఒకడు దొరికితే చాలు. అందుకే పరిశ్రమ వచ్చి పెరిగే ధరకూ ప్రకటన వచ్చి పెరిగే ధరకూ తేడా చూడాలి. పరిశ్రమ వస్తే ధరతో పాటు ఊళ్లో జీతాలూ కాస్త పెరుగుతాయి. ప్రకటనకు జీతాలు పెరగవు.

ఆ ప్రకటన నడిచిన దారి చూడండి. 2020 జనవరి 20న మూడు రాజధానుల బిల్లు శాసనసభ దాటింది, మండలిలో ఆగింది. జులై 31న గవర్నర్ ఆమోదంతో చట్టమైంది. 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాన్ని వెనక్కి తీసుకుంది. 2022 మార్చి 3న హైకోర్టు అమరావతి పక్షాన తీర్పు ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో కర్నూలులో రాయలసీమ గర్జన సభ జరిగింది. 2024 మార్చి 14న జగన్నాథగట్టు మీద జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం మారాక అదే ఏడాది నవంబరులో కర్నూలులో బెంచి పెట్టాలని శాసనసభ తీర్మానించింది. ఇన్ని మలుపుల్లో ఊరికి దక్కినవి 2021లో వచ్చిన లోకాయుక్త, మానవ హక్కుల సంఘం కార్యాలయాలు, ఇంకా ఒకటి రెండు సంస్థలు. వాటిని కూడా అమరావతికి తీసుకుపోతారన్న మాట ఆ తర్వాత లేచింది.

చట్టం రద్దయినప్పుడు ధర దిగాలి కదా అని ఎవరైనా అడగొచ్చు. దిగలేదు. ఎందుకంటే ఆ స్థలాలు పట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది అప్పు చేసి కొన్నవాళ్లు కాదు. నెలనెలా కట్టాల్సిన వాయిదా లేదు. పంచాయతీ పరిధిలోని ఖాళీ ప్లాటుకు చెప్పుకోదగ్గ పన్ను లేదు. రాళ్లు పాతి, కంచె వేసి వదిలేస్తే ఏడాదికి అయ్యే ఖర్చు ముళ్లచెట్లు కొట్టించడానికే. అమ్మాల్సిన తొందర లేనివాడు ధర తగ్గించడు. ఇంకో ప్రకటన వచ్చేదాకా ఆగుతాడు, ఇక్కడ ప్రకటనలకు కొదవ లేదు. 2021 మార్చిలో కర్నూలు పక్కనున్న ఓర్వకల్లులో విమానాశ్రయం మొదలైంది. 2024 ఆగస్టులో ఓర్వకల్లు, కడప దగ్గరి కొప్పర్తి పారిశ్రామిక ప్రాంతాలకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. ప్రతిసారీ ధర పాత మెట్టు మీద నుంచే పైకి పోయింది.

ఆ మధ్యలోనే కరోనా వచ్చింది. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ, అంటే రెపో రేటు, 2020 మే నుంచి రెండేళ్లు 4 శాతం దగ్గర ఉంది. ఇంటి అప్పు 7 శాతం లోపే దొరికింది. బెంగళూరులో, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ జీతం తీసుకుంటూ ఇంటి నుంచి పనిచేస్తున్నవాళ్లు సొంతూళ్లో ప్లాటు కొన్నారు. వాళ్లను తప్పుపట్టడం లేదు, వాళ్లూ ఈ నేల పిల్లలే. కానీ నెలకు 15,000 వచ్చేవాడూ వాళ్లూ ఒకే వెంచర్‌లో, ఒకే బ్రోచరు ముందు నిలబడాల్సి వచ్చింది. అక్కడ ఎవరు కొంటారో చెప్పక్కర్లేదు. పైగా సచివాలయ ఉద్యోగుల ప్రొబేషన్ అన్నమాట ప్రకారం 2021 అక్టోబరుకు ఖరారు కాలేదు. 2022 జులైకి గానీ 22,460, 23,120 మూలవేతనాలు చేతికి రాలేదు. తక్కువ వడ్డీ దొరికిన రెండేళ్లూ వాళ్లకు అలా గడిచిపోయాయి. జీతం పెరిగే నాటికి వడ్డీ కూడా పెరగడం మొదలైంది.

ఇక్కడ ఇంకాస్త వెనక్కి, 2009 అక్టోబరు 2కి పోవాలి. తుంగభద్ర, హంద్రీ కలిసి పాత ఊరిని ముంచిన రోజు అది. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల వీధుల్లో మొదటి అంతస్తుల దాకా నీళ్లొచ్చాయి. ఆ నీళ్లు చూసినవాళ్లెవరూ మళ్లీ నది ఒడ్డున స్థలం కొనాలనుకోలేదు. అందరి చూపూ ఎత్తయిన వైపుకు, కల్లూరు, నంద్యాల రోడ్డు, జగన్నాథగట్టు దిక్కుకు తిరిగింది. అంటే 2019 నాటికే ఊరు ఒక పక్కకే పెరుగుతోంది. న్యాయ రాజధాని అనగానే మనసులోకి వచ్చింది కూడా ఆ పక్కే. భయం వల్ల ఒకసారి పెరిగిన నేలకు ఆశ వల్ల రెండోసారి ధర పెరిగింది. పాత ఊళ్లో అద్దెకున్న ఇంటి పిల్లలు ఎత్తు మీదికి పోలేక ఇప్పటికీ హంద్రీ పక్కనే ఉన్నారు.

కొనేటప్పుడు జరిగేది కూడా చూద్దాం. సెంటు ఆరు లక్షలనుకుందాం. ఐదు సెంట్లు 30 లక్షలు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. మొత్తం ధర కాగితంలో చూపిస్తే 2.25 లక్షలు కట్టాలి. 2019లో ఉద్యోగంలో చేరినవాడికి అది 15 నెలల జీతం, తిండీ తిప్పలూ లేకుండా. 30 లక్షలు అప్పుగా తీసుకుంటే 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల వాయిదా నెలకు 26,000 దాటుతుంది. అతని మూలవేతనం కంటే ఎక్కువ. ఇదంతా ఒట్టి నేలకే, ఇంకా ఒక్క ఇటుకా పేర్చలేదు.

చాలాచోట్ల మొత్తం ధర కాగితంలో చూపించరు కూడా. ప్రభుత్వ విలువ మేరకు తెల్ల, మిగతాది నల్ల అంటారు. బ్యాంకు అప్పు తెల్లకే దొరుకుతుంది. నల్ల సొమ్ము కట్టలు కట్టి చేతికివ్వాలి. కాంట్రాక్టులు చేసేవాడికి, ఇంకో స్థలం అమ్మినవాడికి ఆ సొమ్ము ఉంటుంది. జీతమంతా బ్యాంకు ఖాతాలో పడే పిల్లవాడి దగ్గర ఎక్కడిది? అమ్మ మెడలో గొలుసు, నాన్న పేరున ఉన్న రెండెకరాల చేను, ఇవే దారి. నా లెక్కలో యువతను ఈ సంత నుంచి బయటికి నెట్టినవాటిలో ధర ఎంతో ఈ నగదు పద్ధతీ అంతే.

2025 ఫిబ్రవరి 1 నుంచి ప్రభుత్వం భూముల మార్కెట్ విలువలను సవరించింది. రాజధాని అమరావతి గ్రామాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ప్రభుత్వ విలువ పెరిగితే తెల్ల వాటా పెరిగి బ్యాంకు అప్పు కాస్త ఎక్కువ దొరకాలి, ఆ మేరకు మేలే. కానీ అమ్మేవాడు పెరిగిన విలువను చూపించి అసలు ధర కూడా పెంచాడు, రిజిస్ట్రేషన్ ఖర్చూ పెరిగింది. ఈనాటి గొడవలో వ్యాపారుల వాదన ఎక్కువగా దీని చుట్టూనే ఉంది. రైతు చెప్పే ధర తమ చేతిలో లేదంటారు. లేఅవుట్‌లో రోడ్లకు పోగా పదో వంతు ఖాళీ స్థలం వదలాలని, భూ వినియోగ మార్పిడికి, అనుమతులకు డబ్బూ కాలమూ పోతాయని చెబుతారు. అది అబద్ధం కాదు. అయితే ఆ ఖర్చులు 2019కి ముందూ ఉన్నాయి. ఆనాడు లేనిదల్లా ఫ్లెక్సీ మీద కోర్టు బొమ్మ.

ఉద్యోగాల పక్క కూడా చూడాలి. ఈ ఊరు టీచర్ ఉద్యోగాల కోసం చదివే పిల్లలతో నిండి ఉంటుంది. 2018 డీఎస్సీ తర్వాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, ప్రభుత్వం మారాక రద్దు చేశారు. 16,347 పోస్టుల డీఎస్సీ 2025లో జరిగింది, అందులో ఉమ్మడి కర్నూలు జిల్లాకే ఎక్కువ పోస్టులు వచ్చాయి. 2018లో ఇరవై రెండేళ్లకు బీఈడీ పూర్తి చేసిన అమ్మాయికి ఉద్యోగం ఇరవై తొమ్మిదేళ్లకు వచ్చింది. ఆ ఏడేళ్లలోనే ఇక్కడి నేల పైన చెప్పిన మెట్లన్నీ ఎక్కింది. ఆమె అక్క 2010కి ముందు డీఎస్సీలో ఎంపికై ఉంటే ఈపాటికి సొంత ఇల్లు ఉండేది. ఇద్దరి చదువు ఒకటే, కష్టం ఒకటే.

ప్రభుత్వ ఇళ్ల సంగతి. జగన్నాథగట్టు మీద పట్టణ పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో భవనాలు 300, 365, 430 చదరపు అడుగుల లెక్కన కట్టారు. 2020 డిసెంబరు నుంచి పేదలకు పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర పట్టాలు ఇచ్చారు. ఇప్పటి ప్రభుత్వం రెండు, మూడు సెంట్లు ఇస్తామంది. ఇవన్నీ బియ్యం కార్డును చూసి ఇచ్చేవే. ఆ కార్డుకు పట్టణంలో నెల ఆదాయం 12,000 దాటకూడదు, ఇంట్లో సర్కారు ఉద్యోగి ఉండకూడదు. 15,000 జీతంతో చేరిన కొడుకు వల్ల ఇల్లంతా ఆ పథకాలకు దూరమైంది. ఆ జీతంతో వెంచర్ గేటు దాటే దారీ లేదు. అటు పేదల లెక్కలో లేరు, ఇటు కొనేవాళ్ల లెక్కలో లేరు. వాళ్లు అద్దెకు పోతారు. పెళ్లి కాకపోతే అదీ సులభంగా దొరకదు. మూడు నెలల అడ్వాన్సు, నీళ్ల బిల్లు, పెయింటు ఖర్చు, ఇంటికి చుట్టాలొస్తే ఓనరు అడిగే ఆరాలు.

2025 అక్టోబరు 16న ప్రధాని మోదీ కర్నూలు వచ్చినప్పుడు సభ జరిగింది నన్నూరు దగ్గర ఓ వెంచర్ నేల మీదే. ఓర్వకల్లు పారిశ్రామిక ప్రాంతానికి ఆయన ఆ రోజు శంకుస్థాపన చేశారు. 2,621 ఎకరాలు, 2,786 కోట్ల అంచనా, 45,000 ఉద్యోగాలు వస్తాయని లెక్క. ఉద్యోగాలు రావాలి, బెంచి కూడా రావాలి, ఈ జిల్లా ఆ రెంటి కోసం చాలా కాలంగా ఎదురుచూస్తోంది. కానీ ఆ 45,000 మంది ఎక్కడ ఉండాలో ఈ ప్రకటనలతో పాటు ఎవరూ చెప్పలేదు.

1953లో ఈ ఊరు మూడేళ్ల రాజధానిగా ఉన్నప్పుడు ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తాల కోసం మాత్రం ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు వెలిశాయి. ఆ పేర్లతోనే ఆ వీధులు ఇప్పటికీ ఉన్నాయి. సొంత స్థలం కొనలేని సచివాలయ ఉద్యోగులు, కొత్త టీచర్లు చాలామంది ఆ చుట్టుపక్కలే అద్దె ఇళ్లు వెతుక్కుంటున్నారు.