నరం అతికినా చేయి ఎందుకు కదలదు? పుట్టుకలో గాయపడిన చేతులకు ఊహాసాధన చికిత్స వెనుక కథ

కాన్పు సమయంలో చేతి నరాలు దెబ్బతిన్న పిల్లలకు మోటార్ ఇమేజరీ చికిత్స ఏ మేరకు పనికొస్తుందన్న వాదన మరోసారి మొదలైంది. చేతిని కదపకుండానే, కదుపుతున్నట్టు మనసులో ఊహించుకుంటూ చేసే సాధన ఇది. బాగున్న చేతి ప్రతిబింబాన్ని రెండో చేయిగా చూపే అద్దం పెట్టెలు, కుడి ఎడమ చేతుల బొమ్మలు చూపే మొబైల్ యాప్‌లు, వర్చువల్ రియాలిటీ కళ్లద్దాలు దీనికి తోడయ్యాక తల్లిదండ్రుల ఆశలు సహజంగానే పెరిగాయి. తెగిన నరాన్ని ఊహ అతికించగలదా అని శస్త్రచికిత్స నిపుణులు అడుగుతున్నారు. నరం అతికిన తర్వాత కూడా చాలామంది పిల్లలు ఆ చేతిని ఎందుకు వాడడం లేదో ముందు చెప్పమని ఫిజియోథెరపిస్టులు ఎదురు ప్రశ్న వేస్తున్నారు. ఈ రెండో ప్రశ్న ఎక్కడ పుట్టిందో తెలియకుండా నేటి తగాదా అర్థం కాదు.

గాయం తొలి చరిత్ర చాలామందికి తెలిసినదే. బిడ్డ తల బయటికి వచ్చాక భుజం ఇరుక్కోవడం, మెడ నుంచి చేతికి దిగే అయిదు నరాల మూలాలు సాగిపోవడమో తెగిపోవడమో జరగడం, డ్యుషెన్, ఎర్బ్, క్లుంప్కే అనే వైద్యులు పందొమ్మిదో శతాబ్దంలో చేసిన వర్ణనలు పాఠ్యపుస్తకాలలో ఉన్నాయి. నేటి చర్చకు కావలసినవి తర్వాతి కాలానికి చెందిన రెండు విషయాలు. మొదటిది ఆపరేషన్ గడువు. మూడో నెల నిండేసరికి మోచేతిని ముడిచే బైసెప్స్ కండరంలో కదలిక రాకపోతే శస్త్రచికిత్స ఆలోచించాలని పారిస్‌లో గిల్బర్ట్ 1980లలో ప్రతిపాదించారు. టొరంటో వైద్యులు మరికొంత కాలం గమనించి, తొమ్మిదో నెలలో బిడ్డ చేతిలో బిస్కెట్ పెట్టి నోటిదాకా తీసుకుపోగలదా అని చూసే పరీక్షను వాడుకలోకి తెచ్చారు. ఏ పద్ధతిని అనుసరించినా నిర్ణయం మొదటి ఏడాదిలోనే జరగాలి.

రెండోది నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పొండాగ్, మలెస్సీ తదితరులు 2004లో ప్రచురించిన సమీక్ష. ఈ పిల్లలలో తొంభై శాతానికి పైగా పూర్తిగా కోలుకుంటారన్న నమ్మకానికి గట్టి ఆధారం లేదని, 20 నుంచి 30 శాతం మందిలో ఎంతో కొంత లోపం మిగిలిపోతుందని వారు తేల్చారు. నూనె రాసి, నలుగు పెట్టి స్నానం చేయిస్తూ ఉంటే నెమ్మదిగా అదే సర్దుకుంటుందని మన ఇళ్లలో బాలింతలకు ధైర్యం చెబుతుంటారు. ఆ మాట వెనుక ప్రేమ ఉంది కానీ, దాన్ని నమ్మి ఎదురుచూస్తే గడువు దాటిపోయే ప్రమాదం కూడా ఉంది.

అయితే నేటి వాదనకు మూలమైన మలుపు ఈ సమీక్ష కంటే ముందే, 2000లో వచ్చిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కెనడాలోని హామిల్టన్ నగరంలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రౌన్, మెక్‌కోమస్ తదితరులు ఈ గాయంతో పెరిగిన పిల్లల బైసెప్స్ కండరాన్ని పరీక్షించారు. కండరానికి ఎంత నరాల సరఫరా తిరిగి వచ్చిందో ఒకవైపు, బిడ్డ సొంత ప్రయత్నంతో ఆ కండరాన్ని ఎంత పనిచేయించగలుగుతోందో మరోవైపు కొలిచారు. ఈ రెండు కొలతలూ ఒకదానితో ఒకటి పొసగలేదు. సరఫరా తిరిగి వచ్చినచోట కూడా, కండరానికి ఉన్న శక్తి మొత్తాన్ని బిడ్డ ఆజ్ఞ వాడుకోలేకపోయింది. లోపం నరంలోనో కండరంలోనో మాత్రమే ఉంటే ఇలా జరగకూడదు. పసితనంలో కదలికల పథకాలు మెదడులో రూపుదిద్దుకోవలసిన నెలలలో చేయి మౌనంగా ఉండిపోవడం వల్ల ఆ పథకాలే సరిగ్గా ఏర్పడలేదని వారు వివరించారు.

ఈ వివరణ ఎంత పెద్దదో కాలంతో పోల్చి చూస్తే తెలుస్తుంది. దెబ్బతిన్న నరపు పోగులు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరుగుతాయి. మెడ దగ్గర గాయపడిన నరం బైసెప్స్‌ను చేరడానికి నెలలు పడుతుంది. అరచేతి దాకా చేరడానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. సరిగ్గా ఆ నెలలలోనే పసిబిడ్డ చేతులను కళ్ల ముందు ఆడించుకోవడం, నోట్లో పెట్టుకోవడం, గిలక్కాయను అందుకోవడం, రెండు చేతులనూ కలపడం నేర్చుకుంటుంది. సమాచారం ఒక చేతి నుంచి రావడం ఆగిపోతే మెదడు రెండో చేతితోనే లోకాన్ని నేర్చుకుంటుంది. నరం వచ్చేసరికి పాఠం అయిపోయి ఉంటుంది.

హామిల్టన్ వివరణను ఆ తర్వాత లైడెన్ బృందం రెండు వైపుల నుంచి బలపరిచింది. 2016లో అంగెలోవా, మలెస్సీ తదితరులు ఈ గాయం ఉన్నవారిలో అడిగినప్పుడు చేసే కదలికలకూ, శరీరం తూలినప్పుడు సమతూకం కోసం చేతులు వాటంతటవే లేచే కదలికలకూ మధ్య తేడాను పరిశీలించారు. కదలగలిగిన చేయి కూడా, ఎవరూ అడగని సందర్భంలో తక్కువగా కదిలింది. 2017లో, మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే ఎఫ్.ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టి, చేతి కదలికను మనసులో ఊహించమన్నప్పుడు, ఈ గాయంతో పెరిగినవారి మెదడులో ఆరోగ్యవంతుల కంటే ఎక్కువ క్రియాశీలత కనిపించింది. ఇతరులకు అప్రయత్నంగా సాగే పనికి వారి మెదడు ఎక్కువగా శ్రమిస్తోందని ఆ బృందం భావించింది. తల్లిదండ్రులు ఎప్పటినుంచో చెబుతున్నదీ ఇదే. "చేయి ఎత్తమంటే ఎత్తుతాడు డాక్టరుగారూ, కానీ ఆటలో పడితే ఆ చేయి ఉందన్న సంగతే మరచిపోతాడు" అన్న ఫిర్యాదుకు తొలిసారి శాస్త్రీయమైన గౌరవం దక్కింది. దీన్ని బద్ధకమనో మొండితనమనో పిల్లల మీదికి నెట్టే వీలు ఇక లేదు.

ఊహాసాధన మాత్రం ఈ పిల్లల కోసం పుట్టినది కాదు. ఒక చేతి బొమ్మను చూసి అది కుడిదో ఎడమదో చెప్పేటప్పుడు మనిషి తన చేతినే మనసులో తిప్పి చూసుకుంటాడని పార్సన్స్ 1987లో చూపారు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జనెరో, డెసెటీ ఊహించిన కదలికకు దాదాపు నిజమైన కదలికకు పట్టినంత సమయమే పడుతుందని కనుగొన్నారు. 1990ల మధ్యలో నాడీ శాస్త్రవేత్త రామచంద్రన్ అద్దం పెట్టెను పరిచయం చేశారు. 2004లో ఆస్ట్రేలియాకు చెందిన మోజ్లీ ఈ మూడింటినీ వరుసలో పెట్టి, ముందు కుడి ఎడమలు గుర్తించడం, తర్వాత ఊహించడం, చివరికి అద్దంలో చూస్తూ కదపడం అనే పద్ధతిని దీర్ఘకాలిక చేతి నొప్పితో బాధపడే పెద్దవారిపై పరీక్షించారు. నేడు పిల్లలకు ఇస్తున్నది చాలావరకు ఈ పెద్దల పద్ధతికి చేసిన సవరణే.

ఇక్కడ సాధనను సమర్థించేవారు కూడా తరచుగా దాటవేసే తేడా ఒకటి ఉంది. పక్షవాతం వచ్చిన పెద్దమనిషి ఊహించేది తాను ఏళ్ల తరబడి చేసిన కదలికను. పుట్టుకలోనే గాయపడిన బిడ్డకు ఆ చేతితో అటువంటి జ్ఞాపకమే లేదు. ఆ బిడ్డ బాగున్న చేతి నుంచి కదలికను అరువు తెచ్చుకుని, రెండో చేతికి కొత్తగా కట్టుకోవాలి. అందుకే ఈ పిల్లల విషయంలో కేవలం కళ్లు మూసుకుని ఊహించమనడం కంటే, బాగున్న చేతి ప్రతిబింబాన్ని గాయపడిన చేయిగా చూపే అద్దానికి ఎక్కువ ప్రాధాన్యం ఉండాలన్న ఫిజియోథెరపిస్టుల వాదన సబబుగా తోస్తుంది. అయితే జ్ఞాపకం ఉన్నవారిలో కూడా ఫలితం ఖాయం కాదని గుర్తుంచుకోవాలి. పక్షవాతం వచ్చిన 121 మందిపై జరిపి 2011లో ప్రచురించిన బ్రిటన్ పరీక్షలో ఊహాసాధన వల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు.

శస్త్రచికిత్స నిపుణుల అభ్యంతరాలకూ బలమైన పునాది ఉంది. తిరిగి పెరిగే నరపు పోగులు దారి తప్పి ఒకదానికి బదులు మరో కండరాన్ని చేరడం వల్ల మోచేతిని ముడిచే కండరమూ చాచే కండరమూ ఒకేసారి బిగుసుకుంటాయి. నరాల సరఫరా కోల్పోయిన లేత కండరం పొడవు పెరగక కీలు పట్టేస్తుందని సిన్సినాటిలో కార్న్‌వాల్ బృందం ఎలుకలపై చేసిన పరిశోధన సూచించింది. ఈ రెండింటినీ ఊహ సరిచేయలేదు. ఆ మాట నిజమే. కానీ మెదడు పాత్రను తొలుత గట్టిగా చూపినవారిలో శస్త్రచికిత్స నిపుణులూ ఉన్నారు. ఊపిరి పీల్చడానికి తోడ్పడే పక్కటెముకల నరాన్ని బైసెప్స్‌కు కలిపిన పెద్దవారిలో మొదట ఊపిరితో పాటు చేయి ముడుచుకోవడం, కాలక్రమంలో ఊపిరితో సంబంధం లేకుండా చేతిని ముడవగలగడం మలెస్సీ 1990లలోనే అధ్యయనం చేశారు. కత్తి పని ముగిసిన చోట మెదడు నేర్చుకోవలసిన పని మొదలవుతుందన్నది ఆ అనుభవం చెప్పిన విషయమే.

నిజానికి ఈ రెండు చికిత్సలూ ఒకదానికొకటి పోటీ అనుకోవడమే పొరపాటు, ఎందుకంటే వాటి వయసులు కలవవు. ఆపరేషన్ నిర్ణయం మొదటి ఏడాదిలోదైతే, కదలికను మనసులో ఊహించే శక్తి పిల్లలలో అయిదేళ్ల ప్రాంతంలో మొలకెత్తి, ఏడేళ్ల తర్వాత కౌమారం దాకా స్థిరపడుతూ వస్తుంది. ఆరు నెలల బిడ్డకు ఊహాసాధన ఇవ్వడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఆపరేషన్‌కు బదులు ఇదే చాలని పసిబిడ్డ తల్లిదండ్రులకు ఎవరైనా చెబితే దాన్ని అంగీకరించకూడదు. అలాగే, ఏడేళ్ల బిడ్డ విషయంలో ఇక చేయడానికేమీ మిగల్లేదని తలుపు మూయడమూ అంతే తప్పు. ఈ మధ్య ఏళ్లలో కీళ్లు పట్టేయకుండా చూసే వ్యాయామం, బాగున్న చేతిని కాసేపు ఆపి రెండో చేతితో ఆడించడం, రెండు చేతులూ కావలసిన ఆటలు ఆ లోటును కొంత పూరిస్తాయి.

మన రాష్ట్రాలలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పడ్డాయి. ఆపరేషన్ అవసరమైన పసిబిడ్డను మూడో నెలలోనే గుర్తించి పంపడానికీ, పెద్దదైన బిడ్డకు అద్దంతో సాధన నేర్పడానికీ ఇవి తగిన చోట్లు. సాధనకు కావలసిన అద్దం ఖరీదైనది కాదు. ఇంట్లో రోజూ కూర్చోబెట్టే ఓపిక, నేర్పే మనిషి కావాలి.

ఆధారాల విషయానికి వస్తే, పిల్లలపై జరిగిన పరీక్షలు చిన్నవి. స్పెయిన్ పరిశోధకులు 2020లో ప్రచురించిన ప్రాథమిక అధ్యయనం మామూలు అద్దాన్నీ వర్చువల్ రియాలిటీ అద్దాన్నీ పోల్చింది. అది తీర్పు చెప్పేంత పెద్దది కాదు గానీ, కొలవవలసిన దాన్ని కొలిచింది. ఈ గాయానికి ఎక్కువగా వాడే మాలే కొలమానం, చేయి ఎత్తు, మెడ వెనుక పెట్టు అని అడిగి చేయించిన కదలికలకు మార్కులు వేస్తుంది. హామిల్టన్, లైడెన్ పరిశోధనలు చూపిన లోపం అడగకుండా చేసే పనులలో ఉంది. స్పెయిన్ అధ్యయనం బిడ్డ తనంతట తాను గాయపడిన చేతిని ఎంత వాడుతోందో చూసింది. రాబోయే పరీక్షలు మాలే మార్కులతోనే సరిపెట్టుకుంటే, ఊహాసాధన పనిచేసినా చేయకపోయినా ఆ సంగతి వాటిలో కనబడదు. ఇప్పుడు వాదిస్తున్న ఇరుపక్షాలూ కలిసి ముందుగా అంగీకారానికి రావలసినది ఈ కొలత దగ్గరే.