ముయెంబే గారి నలభై ఏళ్ల అన్వేషణ: పిల్లలకు ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. వైరస్‌లను పరిశోధించేవారు ఏం చేస్తారని మీరు అడిగారు. ప్రయోగశాలలో కూర్చొని చేసేది ఆ పనిలో ఒక భాగం మాత్రమే. మిగిలినది మీకు తెలియాలంటే కాంగో దేశపు శాస్త్రవేత్త జాఁ జాక్ ముయెంబే గారి గురించి చెప్పాలి.

1942లో పుట్టిన ఆయన దేశ రాజధాని కిన్షాసాలో వైద్యం చదివి, బెల్జియంలో వైరస్‌ల మీద డాక్టరేట్ చేసి, స్వదేశానికి తిరిగి వచ్చారు. 1976లో దేశపు ఉత్తర ప్రాంతంలోని యంబుకు అనే ఊళ్లో, సన్యాసినులు నడిపే ఆసుపత్రిలో, అంతుపట్టని జ్వరంతో మనుషులు చనిపోతున్నారని కబురు రాగానే ప్రభుత్వం ఆయనను అక్కడికి పంపింది. రక్తం తీసి సూదిని బయటికి లాగిన తరువాత కూడా రోగుల చేతి నుంచి రక్తం ఆగకుండా కారడం ఆయన గమనించారు. గ్లవ్స్ లేవు, వేళ్లన్నీ రక్తంతో తడిశాయి, కడుక్కోవడానికి ఉన్నవి సబ్బూ నీళ్లే. జబ్బుపడిన ఒక సన్యాసినిని ఆయన కిన్షాసాకు తీసుకువచ్చారు. ఆమె బతకలేదు, కానీ థర్మోస్ ఫ్లాస్కులో బెల్జియంలోని ఆంట్వెర్ప్ నగరానికి చేరిన ఆమె రక్తంలోనే పొడవైన దారంపోగు లాంటి కొత్త వైరస్ బయటపడింది. యంబుకుకు దగ్గరలోని నది పేరు మీద దానిని ఎబోలా అన్నారు. ఆ విడతలో 318 మందికి జబ్బు సోకి, 280 మంది మరణించారు. ఒకరికి వాడిన సూదిని సరిగా శుభ్రం చేయకుండా మరొకరికి వాడటం ఇంతమందికి అంటుకోవడానికి ఒక ముఖ్య కారణం.

వైరస్ దొరికింది, మందు మాత్రం లేదు. 1995లో కిక్విత్ పట్టణంలో ఎబోలా మళ్లీ వచ్చి, సోకిన ప్రతి ఐదుగురిలో సుమారు నలుగురిని బలిగొంది. వైరస్‌ను జయించినవారి రక్తంలో దానిని పట్టుకొని అడ్డగించే యాంటీబాడీలు ఉండాలి కదా, ఆ రక్తాన్ని రోగులకు ఎక్కిస్తే ఎలా ఉంటుందని ముయెంబే గారూ ఆయన సహచరులూ ఆలోచించారు. ఎనిమిది మందికి ఎక్కించగా ఏడుగురు బతికారు.

ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఎందుకంటే ఆయన జీవితంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకొనే ఘట్టం ఇదే. ఏడుగురు బతికారంటే మందు దొరికినట్టేనని మనకు అనిపిస్తుంది. కానీ ఆ ఎనిమిది మందికి అంతకుముందు రోగులకంటే మెరుగైన సంరక్షణ అందింది, పైగా రక్తం ఎక్కించని రోగుల బృందమేదీ వారితో పోల్చడానికి లేదు. కాబట్టి వారు రక్తం వల్లనే బతికారని చెప్పలేమని ఇతర శాస్త్రవేత్తలు సందేహించారు. ఆ సందేహం న్యాయమైనదే. ముయెంబే గారు మాత్రం ఆ ఆలోచనను వదిలిపెట్టలేదు. కిక్విత్‌లో జబ్బు నుంచి కోలుకున్న ఒకరి రక్తాన్ని పదకొండేళ్ల తరువాత పరీక్షిస్తే, ఎబోలాను అడ్డుకొనే శక్తి అందులో ఇంకా నిలిచే ఉంది! అమెరికా పరిశోధకులతో కలిసి అందులోంచి ఒక యాంటీబాడీని వేరుచేసి, ప్రయోగశాలలో పెద్దమొత్తంలో తయారుచేయగలిగే మందుగా మలిచారు.

2018లో తూర్పు కాంగోలో ఎబోలా చెలరేగినప్పుడు, ఒకపక్క సాయుధ దాడులు జరుగుతుండగానే, నాలుగు మందులను పోల్చే పరీక్ష మొదలైంది. ఎవరికి ఏ మందు ఇవ్వాలన్నది వైద్యుల ఇష్టానికి వదలకుండా యాదృచ్ఛికంగా నిర్ణయించారు. 1995లో లోపించిన పోలిక ఈసారి దొరికింది. 2019 ఆగస్టు నాటికి రెండు యాంటీబాడీ మందులు మిగిలినవాటికంటే స్పష్టంగా మెరుగని తేలడంతో, ఆ తరువాత వచ్చిన రోగులకు ఆ రెండే ఇవ్వడం మొదలుపెట్టారు. వాటిలో ఒకటి కిక్విత్ రక్తం నుంచి వచ్చినది. 2020 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది.

అయితే ఆ మందు అందరినీ కాపాడదు. ఒంట్లో వైరస్ ఇంకా తక్కువగా ఉండగా చికిత్స అందినవారిలో పదిమందికి సుమారు తొమ్మిది మంది బతికారు, ఆలస్యంగా వచ్చినవారిలో చాలామంది దక్కలేదు. జ్వరం వచ్చిన మొదటి రోజుల్లోనే మనుషులు భయపడకుండా చికిత్సా కేంద్రానికి రావాలంటే వారికి వైద్యుల మీద నమ్మకం ఉండాలి. అందుకే ఊరి పెద్దలతో కూర్చొని మాట్లాడటం కూడా అక్కడ పరిశోధకుల పనిలో భాగమైంది.

ఇట్లు,
మీ తాతయ్య