పేరులో హైబ్రిడ్ ఉన్నంత మాత్రాన సరిపోదు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కారు వెనక హైబ్రిడ్ అని ఉంటే అది సగం ఎలక్ట్రిక్ కారే.

వాస్తవం: కాదు. వర్క్‌షాపులో నేను తరచూ వినే మాట ఇది. జనం ఎక్కువగా నష్టపోయేదీ దీనివల్లే. ఇంజన్‌తో పాటు కరెంటు మోటారు, బ్యాటరీ ఉన్న కారే హైబ్రిడ్. వాటిలో మైల్డ్ హైబ్రిడ్‌లో, బ్యాటరీకి ఛార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్ స్థానంలో బెల్టుతో తిరిగే చిన్న మోటారు ఉంటుంది. అది ఇంజన్‌కు కాస్త ఊతమిస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేస్తుంది. అంతే. తనంతట తాను కారును కదిలించలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ అలా కాదు. ట్రాఫిక్‌లో ఇంజన్ ఆగిపోయి మోటారు మీదే నడుస్తుంది, బ్రేకు వేస్తే వృథా అయ్యే శక్తిని బ్యాటరీలోకి మళ్లిస్తుంది. 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారాలో రెండు రకాలూ ఉన్నాయి. వాహనాలను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ లెక్క ప్రకారం మైల్డ్ మాన్యువల్‌ మైలేజీ లీటరుకు 21.11 కిలోమీటర్లు, స్ట్రాంగ్‌ది 27.97.

రిటైరైన మాస్టారు ఒకరు కంగారుగా వచ్చారు. "బాబూ, కారు ఒక్కసారి కూడా బ్యాటరీ మీద నడవడం లేదు. చెడిపోయిందేమో చూడు." ముందు సీటు కింద మూత తీసి, టిఫిన్ డబ్బా అంత బ్యాటరీని చూపించాను. "ఏమీ చెడిపోలేదు మాస్టారూ, ఇది మైల్డ్ హైబ్రిడ్, ఇంతే." పర్యావరణానికి మంచిదని దాచుకున్న డబ్బు పెట్టి కొన్నారాయన. ఆయన తప్పేముంది? అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇంజన్ ఆగి ఉండగా కారు కదులుతుందా అని షోరూములో అడగండి. టెస్ట్ డ్రైవ్‌లో మీటరు మీద ఈవీ అన్న దీపం వెలుగుతుందో లేదో మీరే చూడండి.

అపోహ: కరెంటంతా బొగ్గుదే, కాబట్టి ఎలక్ట్రిక్ కారూ పెట్రోలు కారూ ఒకటే.

వాట్సాప్‌లో తిరిగే ఈ మాటకు ఇక విసుగొచ్చింది. లెక్క వేద్దాం. మన కరెంటు సరఫరా వ్యవస్థ, అంటే గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. లైన్ల నష్టాలు కూడా కలిపితే ఎలక్ట్రిక్ కారుకు 100 కిలోమీటర్లకు 12-13 కిలోలు అవుతుంది. లీటరుకు 15 ఇచ్చే పెట్రోలు కారుకు, పెట్రోలు తయారీలో వెలువడేదానితో కలిపి, 18 కిలోల దాకా. మామూలు రోడ్డు మీద లీటరుకు 22 ఇచ్చే స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు మళ్లీ 12-13. అంటే ఇవాళ్టికి హైబ్రిడ్, ఎలక్ట్రిక్ దాదాపు సమానం. కానీ కారు పదేళ్లకు పైగానే ఉంటుంది. గ్రిడ్‌లో సౌర విద్యుత్తు పెరిగేకొద్దీ ఎలక్ట్రిక్ లెక్క తగ్గుతుంది, హైబ్రిడ్ లెక్క తగ్గదు. వీలుంటే రాత్రి కాకుండా మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టండి, ఎండ ఉన్నప్పుడు గ్రిడ్‌లో బొగ్గు వాటా తక్కువ.

అపోహ: బ్యాటరీ తయారీలోనే లాభమంతా పోతుంది.

40 యూనిట్ల బ్యాటరీ తయారీలో రెండు నుంచి నాలుగు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, నిజమే. పెట్రోలు కారుతో పోలిస్తే ఆ బాకీ తీరడానికి సుమారు 50 వేల కిలోమీటర్లు నడపాలి. రోజూ ఆఫీసుకు దూరం వెళ్లేవారికి అది మూడు నాలుగేళ్ల మాట. ఆదివారం గుడికి, నెలకోసారి ఊరికి మాత్రమే కారు తీసేవారు దిగులు పడకండి. ఉన్న పెట్రోలు కారునే టైర్లలో గాలి సరిచూసుకుంటూ, సర్వీసు తప్పకుండా వాడుకోండి.