రోజూ సరిచేయాల్సిన కంచె

కాల్ ఆప్షన్ అమ్మినవాడికి షేరు పెరిగితే నష్టం. పడితే తీసుకున్న ప్రీమియం మిగులుతుంది. అందుకే షేరు పడుతుందని గట్టిగా నమ్మినవాళ్లే కాల్ అమ్ముతారని చాలామంది అనుకుంటారు. కానీ మార్కెట్ మేకర్లుగా పనిచేసే సంస్థలు రోజంతా అడిగినవాళ్లకు ఆప్షన్లు అమ్ముతూ, అమ్మవచ్చినవాళ్ల దగ్గర కొంటూ ఉంటాయి. షేరు ఎటు పోతుందని వాళ్లను అడిగితే జవాబు ఉండదు. వాళ్ల వ్యాపారానికి ఆ జవాబు అవసరమే లేదు. ఇది ఎలా సాధ్యమో అర్థమైతే ఆప్షన్ అంటే ఏమిటో సగానికి పైగా అర్థమైనట్టే.

ముందుగా మాటలు సరిచూసుకుందాం. ఒక షేరును ముందే ఖాయం చేసుకున్న ధరకు, ఫలానా తేదీన కొనే హక్కు కాల్. అమ్మే హక్కు పుట్. ఆ ధరను స్ట్రైక్ అంటారు, ఆ తేదీని ఎక్స్‌పైరీ అంటారు, హక్కు కోసం ముందే కట్టేది ప్రీమియం. గడువు తేదీకి ముందే అమలు చేసుకోగలిగే ఆప్షన్లు కూడా ఉన్నాయి గానీ, ఇక్కడి లెక్కకు అవి అవసరం లేదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. షేరు ధర 100, స్ట్రైక్ కూడా 100. గడువు మూడు నెలలు. షేరు ఒడిదుడుకులు, అంటే వొలటాలిటీ, ఏడాదికి 20 శాతం. వడ్డీని పక్కన పెడదాం. ఈ అంకెలతో, తర్వాత చెప్పబోయే బ్లాక్-షోల్స్ సూత్రం ప్రకారం కాల్ ఖరీదు 3.99 వస్తుంది. మనం 10,000 షేర్లకు సరిపడా కాల్స్ అమ్మాం అనుకుందాం. చేతికి 39,900 వచ్చింది. బదులుగా ఒక బాధ్యత నెత్తిన పడింది. షేరు 120కి చేరితే గడువు రోజున 2 లక్షలు చెల్లించాలి.

షేరు ఒక్క మెట్టు, 100 నుంచి 101కి, పెరిగితే ఆ కాల్ ధర ఎంత పెరుగుతుంది? పూర్తిగా ఒకటి పెరగదు, ఎందుకంటే గడువు నాటికి షేరు మళ్లీ 100 కిందికి జారే అవకాశం ఉంది. అసలు పెరగకుండా కూడా ఉండదు. దాదాపు సగం పెరుగుతుంది. సరిగ్గా చెప్పాలంటే ఆ క్షణంలో వాలు 0.52. దీన్నే డెల్టా అంటారు. షేరు ధరను అడ్డంగా, ఆప్షన్ ధరను నిలువుగా పెట్టి గ్రాఫ్ గీస్తే వచ్చే వంపు గీతకు, మనం ఉన్న చోట ఎంత వాలు ఉందో అదే డెల్టా. కాల్స్‌కు ఇది సున్నాకూ ఒకటికీ మధ్య ఉంటుంది. అదే స్ట్రైక్, అదే గడువు ఉన్న పుట్ డెల్టా కావాలంటే కాల్ డెల్టాలోంచి ఒకటి తీసేస్తే చాలు. ఇక్కడ మైనస్ 0.48. (డెల్టా అంటే ఆప్షన్ లాభంలో ముగిసే సంభావ్యత అని చాలాచోట్ల చెబుతారు. దగ్గరి లెక్కే గానీ అదే కాదు. మన ఉదాహరణలో డెల్టా 0.52 అయితే, ఇదే మోడల్ ప్రకారం షేరు 100 పైన ముగిసే సంభావ్యత 0.48.)

డెల్టా 0.52 అంటే, మనం అమ్మిన కాల్స్ ఈ క్షణానికి 5,200 షేర్లు అమ్మినట్టే ప్రవర్తిస్తాయి. కాబట్టి 5,200 షేర్లు కొని పెట్టుకుంటే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. దీనికే డెల్టా హెడ్జింగ్ అని పేరు. హెడ్జ్ అంటే కంచె. షేరు 0.10 కదిలితే మనకు జరిగే నష్టం 2. పదివేల షేర్ల బాధ్యత మోస్తున్న చోట అది లెక్కలోకి రాదు. పెరిగినా పడినా మనకు ఒకటే.

పోర్ట్‌ఫోలియోలో వందల ఆప్షన్లు ఉన్నా ఈ పద్ధతి మారదు, ఎందుకంటే డెల్టాలు కూడుతాయి. ఒకే షేరు మీద రకరకాల స్ట్రైకులు, రకరకాల గడువులు, కొన్నవి, అమ్మినవి, కాల్స్, పుట్స్ అన్నిటి డెల్టాలూ కూడితే ఒక్క అంకె మిగులుతుంది. ఆ అంకెకు ఎదురుగా అన్ని షేర్లో ఫ్యూచర్లో (ఫలానా తేదీన ఖాయమైన ధరకు కొనే, అమ్మే ఒప్పందాలు) పెడితే మొత్తం పుస్తకం, అంటే ఆ పోర్ట్‌ఫోలియో అంతటి డెల్టా సున్నా అవుతుంది.

అయితే కదలిక 0.10 దగ్గర ఆగకపోతే? షేరు 101కి వెళ్లిందనుకోండి. మన 5,200 షేర్ల మీద 5,200 లాభం. అమ్మిన కాల్స్ ధర మాత్రం 0.52 కాదు, 0.54 పెరుగుతుంది. అక్కడ 5,400 నష్టం. నికరంగా 200 పోయింది. సరే, షేరు 99కి పడితే? షేర్ల మీద 5,200 నష్టం, కాల్స్ మీద 5,000 లాభం. మళ్లీ 200 పోయింది. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద చేసినప్పుడు ఎక్కడో ప్లస్సూ మైనస్సూ తారుమారు చేశానని అనుకుని మూడుసార్లు సరిచూసుకున్నాను. తప్పేమీ లేదు. ఎటు కదిలినా నష్టమే.

కారణం ఆ గ్రాఫ్‌లోనే ఉంది. ఆప్షన్ గీత వంపు, షేరు గీత తిన్నన. గిన్నె గుండ్రటి అడుగుకు స్కేలు ఆనించినట్టు, మన హెడ్జ్ ఆ వంపుకు ఒక్క బిందువు దగ్గర మాత్రమే తగులుతుంది. ఇది స్పర్శరేఖ. అక్కణ్ణుంచి అటు జరిగినా ఇటు జరిగినా స్కేలుకూ గిన్నెకూ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ వంపు ఎంత గట్టిదో చెప్పే కొలత గామా. మన కాల్‌కు అది దాదాపు 0.04, అంటే షేరు ఒకటి పెరిగితే డెల్టా 0.52 నుంచి 0.56 అవుతుంది. ఆ ఖాళీ మాత్రం కదలిక వర్గంతో పెరుగుతుంది. కదలిక 0.10 అయితే నష్టం 2, ఒకటి అయితే 200, ఐదు అయితే 5,000కు దగ్గరగా. కదలిక యాభై రెట్లు పెరిగేసరికి నష్టం దాదాపు రెండున్నర వేల రెట్లు అయింది. చిన్న కదలికల నుంచి కాపాడే కంచె అని దీన్ని అనడం ఇందుకే.

మరి ఎటు కదిలినా నష్టమే అయితే అమ్మేవాడు బతికేదెలా? కాలం గడిస్తే. షేరు అంగుళం కదలకపోయినా గడువు దగ్గరపడే కొద్దీ ఆప్షన్ విలువ కరుగుతుంది. దీన్ని థీటా అంటారు. మన ఉదాహరణలో ఒక ట్రేడింగ్ రోజుకు 316 చొప్పున కరుగుతుంది, అది అమ్మినవాడికి రాబడి. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రోజంతా కలిపి షేరు ఒకటి కదిలితే 200 పోయి 316 వస్తుంది, లాభం. రెండు కదిలితే 800 పోయి 316 వస్తుంది, నష్టం. రెండూ సరిసమానమయ్యే కదలిక 1.26. ఈ అంకె ఎక్కణ్ణుంచో ఊడిపడలేదు. ఏడాదికి 20 శాతం ఒడిదుడుకులను 252 ట్రేడింగ్ రోజుల వర్గమూలంతో, అంటే దాదాపు 16తో భాగిస్తే సరిగ్గా 1.26 శాతమే వస్తుంది. మొదట ఆప్షన్ ధర కట్టడానికి వాడిన 20 శాతమే రోజువారీ గీటుగా తిరిగి మన ముందుకు వచ్చింది.

అంటే దిశ మీద పందెం తీసేశాక మిగిలింది పరిమాణం మీద పందెం. డెల్టా హెడ్జ్ చేసినవాడికి షేరు ఎటు పోతుందన్న టెన్షన్ లేదు. ఎంత కదులుతుందన్నదే అతని ప్రశ్న. కొన్నవాడిది సరిగ్గా దీనికి అద్దం. రోజూ థీటా కడుతూ, పెద్ద కదలిక కోసం ఎదురుచూస్తాడు.

ఇక్కడితో పని అయిపోలేదు. షేరు 101 దగ్గర ఉంది, డెల్టా 0.56 అయింది, మన దగ్గర 5,200 షేర్లే ఉన్నాయి. కంచె పాత చోటే ఉండిపోయింది, చేను పక్కకు జరిగింది. ఇంకో 400 షేర్లు 101కి కొనాలి. మర్నాడు షేరు మళ్లీ 100కి దిగితే ఆ 400 షేర్లు అవసరం లేదు, 100కి అమ్మేయాలి. పెరిగాక కొన్నాం, పడ్డాక అమ్మాం, 400 పోయింది. ఆప్షన్ అమ్మినవాడి బతుకంతా ఇదే. ఏ వ్యాపారీ కోరి చేయని పనిని నియమంగా చేయాలి.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించే ఆలోచన ఇక్కడే ఉంది. ఖరీదుగా కొని చవకగా అమ్మడం వల్ల గడువు దాకా పోయే మొత్తాన్ని ముందే అంచనా వేయగలిగితే, అదే ఆప్షన్ తయారీ ఖర్చు. ఆ ఖర్చే దాని సరైన ధర. 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ కలిసి ప్రచురించిన పరిశోధన పత్రం, అదే ఏడాది రాబర్ట్ మెర్టన్ రాసిన పత్రం ఈ తర్కాన్ని గణితంగా నిలబెట్టాయి. షేర్లను ఎడతెగకుండా సరిచేసుకుంటూ పోతే ఆప్షన్‌ను మనమే తయారు చేసుకోవచ్చని, కాబట్టి దాని ధర ఆ తయారీ ఖర్చును దాటి ఉండకూడదని వాళ్ల వాదన. వాళ్ల సూత్రంలో షేరు సగటున ఎంత పెరుగుతుందన్న అంకె ఎక్కడా లేదు. షేరు పెరుగుతుందని ఒకరు, పడుతుందని ఇంకొకరు ప్రమాణం చేసి చెప్పినా, ఒడిదుడుకుల మీద ఒప్పుకుంటే ఆప్షన్ ధర మీద ఇద్దరూ ఒప్పుకోవాల్సిందే. 1900లోనే ప్యారిస్‌లో లూయీ బాషెలియే తన సిద్ధాంత గ్రంథంలో ఆప్షన్ ధరలకు గణితం కట్టాడు. 1967లో ఎడ్వర్డ్ థార్ప్, షీన్ కసూఫ్ వారంట్లను (కంపెనీయే జారీ చేసే, కాల్ లాంటి హక్కులను) షేర్లతో హెడ్జ్ చేసే పద్ధతిని వివరించారు. హెడ్జ్ నుంచే ధర పుడుతుందని చూపించడం మాత్రం 1973 నాటి మాట. ఆ ఏడాది ఏప్రిల్ 26నే షికాగోలో ఆప్షన్ల కోసం ప్రత్యేకంగా ఒక ఎక్స్ఛేంజ్ 16 షేర్ల మీద కాల్స్‌తో మొదలైంది. మెర్టన్‌కూ షోల్స్‌కూ 1997లో ఆర్థిక శాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. బ్లాక్ అప్పటికి రెండేళ్ల ముందే చనిపోయాడు.

గణితంలో ఎడతెగకుండా సరిచేయొచ్చు, మార్కెట్లో కుదరదు. ప్రతి కొనుగోలుకూ అమ్మకానికీ బ్రోకరేజీ, పన్నులు, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా ఉంటాయి. నాలుగు రెట్లు ఎక్కువసార్లు హెడ్జ్ చేస్తే హెడ్జింగ్‌లో మిగిలే పొరపాటు సగానికే తగ్గుతుంది, ఖర్చు మాత్రం రెండింతలో అంతకన్నా ఎక్కువో అవుతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు గడియారం చూసి కాకుండా, డెల్టా ఒక హద్దు దాటినప్పుడు మాత్రమే సరిచేస్తారు. హద్దు ఎంత ఉండాలన్నది గామా, ఖర్చులు, ఎంత నష్టం తట్టుకోగలమన్న తెగువ మీద ఆధారపడుతుంది. నా దృష్టిలో ఈ హద్దును మార్కెట్ తెరవకముందే రాసి పెట్టుకోవాలి. కదలిక మధ్యలో నిర్ణయించుకోబోతే, దిశ మీద పందెం మళ్లీ దొడ్డిదారిన లోపలికి వస్తుంది.

గామానే తగ్గించాలంటే షేర్లతో అయ్యే పని కాదు. షేరు గీత తిన్నన, దానికి వంపు లేదు. ఒక వంపును ఇంకో వంపుతోనే కొట్టాలి, అంటే మరో ఆప్షన్ కొనాలి. మన మొత్తం గామా మైనస్ 400 అనుకుంటే, 0.02 గామా ఉన్న మరో కాల్‌ను 20,000 షేర్ల మేరకు కొంటే అది సున్నా అవుతుంది. కానీ కొత్త కాల్ తన డెల్టాను కూడా వెంట తెస్తుంది. అది 0.30 అయితే 6,000 డెల్టా పెరిగింది. కాబట్టి ముందు ఆప్షన్లతో గామా, ఆ తర్వాతే షేర్లతో డెల్టా. దూరపు గడువు ఆప్షన్ కొంటే వొలటాలిటీ మార్పులకు స్పందించే వేగా అనే ఇంకో కొలత కూడా పుస్తకంలోకి చేరుతుంది.

గడువు ముందురోజు సంగతి వేరుగా చెప్పాలి. స్ట్రైక్ దగ్గరే షేరు ఆడుతుంటే, మూడు నెలల ముందు 0.04 ఉన్న గామా ఒక్కరోజు మిగిలేసరికి దాదాపు 0.32కి చేరుతుంది, ఎనిమిది రెట్లు. షేరు 100 నుంచి 101కి వెళ్తే డెల్టా 0.50 నుంచి 0.79 దాకా ఎగురుతుంది. పదివేల షేర్ల పుస్తకానికి ఒక్క మెట్టు కదలికకే దాదాపు 2,900 షేర్లు కొనాలి. అది వెనక్కి దిగితే అన్నీ అమ్మాలి.

ఇవన్నీ ధర ఒక్కో మెట్టు దిగుతూ వస్తుందన్న నమ్మకం మీద కట్టినవి. మధ్యలో మెట్లు లేకపోతే? రాత్రి 100 దగ్గర మూసిన మార్కెట్ పొద్దున 95 దగ్గర తెరిస్తే, 99 దగ్గర, 98 దగ్గర సరిచేసే అవకాశమే ఉండదు. 1980లలో అమెరికాలో పోర్ట్‌ఫోలియో ఇన్సూరెన్స్ పేరుతో ఒక పద్ధతి బాగా వ్యాపించింది. పుట్స్ కొనే బదులు, మార్కెట్ పడే కొద్దీ ఫ్యూచర్లు అమ్ముతూ పోతే పుట్ ఉన్నట్టే రక్షణ దొరుకుతుందని దాని సూత్రం. అది పైన చెప్పిన తయారీ తర్కమే. ఒక్కరు చేస్తే పనిచేస్తుంది. చాలామంది ఒకేసారి చేస్తే వాళ్ల అమ్మకాలే ధరను ఇంకా కిందికి తోస్తాయి, ఆ పతనం మరిన్ని అమ్మకాలు అడుగుతుంది. కంచే చేను మేసింది. 1987 అక్టోబర్ 19న డౌ జోన్స్ సూచీ ఒక్కరోజులో 508 పాయింట్లు, అంటే 22.6 శాతం పడింది. పతనానికి కారణాలు ఇంకా ఉన్నాయి. అయితే ఆ తర్వాత అమెరికా ప్రభుత్వం వేసిన బ్రేడీ కమిటీ ఈ యాంత్రికమైన అమ్మకాలను ముఖ్యమైన వాటిలో ఒకటిగా చూపించింది.

ఆ రోజుకు ముందు అమెరికా సూచీ ఆప్షన్లలో ఏ స్ట్రైక్ తీసుకున్నా, దాని ధరలో దాగిన వొలటాలిటీ దాదాపు ఒకేలా ఉండేది. ఆ తర్వాత స్ట్రైక్ కిందికి పోయే కొద్దీ పుట్స్‌లో ఆ అంకె పెరుగుతూ కనిపించడం మొదలైంది. అంటే మెట్లు లేకుండా పడే పతనానికి మార్కెట్ విడిగా ఒక ఖరీదు కట్టడం నేర్చుకుంది. ఆ ఏటవాలు గీత ఈరోజుకీ సూచీ ఆప్షన్ల ధరల్లో అలాగే ఉంది.