ముందు పాచికల పేజీ తెరవండి

ఇంటర్ పరీక్షలు అయిన మర్నాడే మా మేనకోడలు ముగ్గురు స్నేహితుల్ని వెంటేసుకుని విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటికి వచ్చింది. ఫోన్లో ఆరేడు పుస్తకాల అట్టలు దాచుకుని తెచ్చింది. ఒకదాని మీద నిప్పులు కక్కే డ్రాగన్, ఇంకోదాని మీద కూలిన కోట, మరోదాని మీద గొడ్డలి పట్టిన పొట్టి వీరుడు. “మావయ్యా, సెలవులన్నీ ఈ రోల్‌ప్లేయింగ్ గేమే ఆడాలనుకుంటున్నాం. ఇందులో ఏ రూల్‌బుక్ తీసుకోమంటావ్?” అంది.

అట్ట చూసి చెప్పడం కష్టం. అన్నిట్లోనూ అదే అడవి, అదే గుహ, అదే మంత్రగాడు. లోపల మాత్రం ఒక్కో పుస్తకంలో అదృష్టం ఒక్కో రకంగా నడుస్తుంది. చాలా ఏళ్లుగా ఈ ఆటలు ఆడిస్తున్నాను. ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: ముందు పాచికల పేజీ తెరవండి.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. దీనికి బోర్డు ఉండి తీరాలని లేదు, చివర్లో ఒకరు గెలిచి మిగతావాళ్లు ఓడడమూ లేదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర: విలుకాడు, మంత్రగత్తె, దొంగ, వైద్యురాలు. ఒకరు గేమ్ మాస్టర్. ఎదుట ఏముందో గేమ్ మాస్టర్ చెప్పి “ఇప్పుడేం చేస్తావ్?” అని అడుగుతారు. ఆడేవాళ్లు చెబుతారు. అది జరుగుతుందో లేదో ఎవరికీ తెలియని చోట పాచిక వేస్తారు. ఎప్పుడు వేయాలి, ఎన్ని వేయాలి, పడిన అంకెకి అర్థమేంటి అన్నవి చెప్పేదే రూల్‌బుక్.

దీని మూలం యుద్ధశిక్షణలో ఉంది. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంట్, తన తండ్రి మొదలుపెట్టిన యుద్ధక్రీడను మెరుగుపరిచి అధికారుల ముందు పెట్టాడు. మ్యాపు మీద దళాలు, నష్టాలు తేల్చడానికి పాచికలు, తీర్పు చెప్పడానికి ఒక అంపైర్. నూటయాభై ఏళ్ల తర్వాత, 1974లో, అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చారు. మూడు చిన్న పుస్తకాలున్న పెట్టె, మొదటి ముద్రణ వెయ్యి కాపీలు. దళం పోయి ఒక్కొక్క మనిషి వచ్చాడు, అంపైర్ గేమ్ మాస్టర్ అయ్యాడు.

చెప్పడం కంటే ఆడిస్తే తెలుస్తుందని ఆ సాయంత్రమే ఒక చిన్న ఆట పెట్టాను. నలుగురూ అరకు రైలెక్కి బొర్రా గుహలు చూసినవాళ్లే కాబట్టి కథ అక్కడే మొదలుపెట్టాం. పైనుంచి వేలాడే సున్నపురాయి ఊడలు, కాళ్ల కింద తడి, తల మీద గబ్బిలాలు. లోతులో ఒక కాపలా భూతం నిద్రపోతోంది. నలుగురూ చప్పుడు చేయకుండా దాటాలి. “చెప్పులు విప్పేశాం”, “దివిటీ వెలుగు చేత్తో మూశాం”, “కాలి పట్టీలకి గుడ్డ చుట్టుకున్నాను” అని పోటీలు పడి చెప్పారు. ఇరవై ముఖాల పాచిక మీద 8 గాని అంతకన్నా ఎక్కువ గాని పడితే చాలన్నాను. అంటే ఒక్కొక్కరికి 65 శాతం. వరసగా వేశారు. 14. 11. 17. చివర్లో మా మేనకోడలు వేసింది: 3. భూతం లేచింది.

పిల్ల ముఖం చిన్నబోయింది. “ఇంత బాగా ప్లాన్ వేసుకున్నాం కదా మావయ్యా” అంది. ఆ మాట నిజం. ప్లాన్‌లో తప్పులేదు, నేను పాచిక వేయించిన పద్ధతిలో ఉంది తప్పు. ఒక్కొక్కరికి 65 శాతం అంటే ధైర్యంగానే ఉంటుంది. కానీ నలుగురూ నెగ్గి తీరాలంటే 0.65ని నాలుగుసార్లు హెచ్చవేయాలి. వచ్చేది 18 శాతం. గుహ దాటడం సులువని వాళ్లకి చెప్పి, అయిదుసార్లలో నాలుగుసార్లు ఓడిపోయే పని చేతికిచ్చాను.

‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 2014 నాటి ఐదో ఎడిషన్‌లో దీనికి చిన్న మందు ఉంది. గుంపుగా చేసే పనికి అందరూ పాచిక వేస్తారు, కనీసం సగంమంది నెగ్గితే గుంపంతా నెగ్గినట్టే. అదే నలుగురు, అదే 65 శాతం. ఇద్దరైనా నెగ్గే అవకాశం లెక్కకడితే 87 శాతం! పుస్తకంలో రెండు మూడు వాక్యాల రూలు, 18ని 87 చేసింది. కొత్త పుస్తకం చేతికొస్తే నేను వెతికేది ఇలాంటి వాక్యాల్నే. రాక్షసుల జాబితాలు, మంత్రాల జాబితాలు తర్వాత చూసుకోవచ్చు.

అందులోనే ఇంకో రూలు ఉంది. పరిస్థితి అనుకూలంగా ఉంటే పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవాలి, ప్రతికూలంగా ఉంటే చిన్న అంకె. 11 పడాల్సిన చోట 50 శాతం కాస్తా 75 అవుతుంది. 20 పడితేనే గాని కుదరని చోట 5 శాతం 9.75కి మాత్రమే పెరుగుతుంది. అటో ఇటో అన్న చోట గట్టి సాయం, అసాధ్యమైన చోట అంతంతమాత్రం. కూడికలు తీసివేతలు గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా ఒక్క చేతి కదలికలో ఇంత పని జరగడం నాకు చాలా ఇష్టం.

ఈ లెక్కలన్నీ మా అమ్మ పక్కనే కూర్చుని వింటోంది. “అష్టా ఎంత అరుదుగా పడుతుందో నాకు తెలీదూ?” అని లోపలికెళ్లి గవ్వల సంచి తెచ్చింది. అష్టాచెమ్మా ఆడినవాళ్లకి సంభావ్యత వేళ్లకే తెలుసు. నాలుగు గవ్వలు వేస్తాం. ఒకటి వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది గడులు. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే మొత్తం 16 రకాలు. వాటిలో రెండు పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, చెమ్మా ఒక్కటి, అష్టా ఒక్కటి. కాగితం మీద గీస్తే మధ్యలో దిబ్బలా లేచి రెండు చివర్లా దిగిపోతుంది.

నిజం గవ్వ అంత సమానంగా పడదు. దాని వీపు గుండ్రం, కడుపు చదును. వెల్లకిలా పడే అవకాశం 60 శాతం అనుకుందాం. అప్పుడు చెమ్మాకి 13 శాతం, అష్టాకి 2.6 శాతం. ఒక్కో గవ్వలో కాస్త వాలు, నాలుగూ కలిసేసరికి ఐదు రెట్ల తేడా. కొన్న పాచికలకీ ఈ జబ్బు ఉండొచ్చు, లోపల గాలిబుడగ ఉంటే ఒక వైపు బరువు తగ్గుతుంది. ఉప్పునీటిలో తేల్చి వేలితో తిప్పుతూ చూడాలి, ప్రతిసారీ ఒకే ముఖం పైకొస్తుంటే అనుమానించాలి. దీనికి ఆర్కే బీచ్ నుంచి సీసాలో పట్టుకొచ్చిన నీళ్లు చాలవు. సముద్రపు నీటి సాంద్రత 1.03 లోపు, పాచికలు చేసే అక్రిలిక్‌ది 1.18 చుట్టూ. ఇక కరగదు అనేదాకా ఉప్పు వేస్తే నీళ్లు 1.2కి చేరతాయి. అప్పుడు అడుగున పడుకున్న పాచిక మెల్లగా లేచి పైకొస్తుంది. అది చూడటానికి నలుగురూ ఒక్క గ్లాసు మీద తలలు పెట్టేశారు.

మళ్లీ దిబ్బ దగ్గరికి వద్దాం. ఇరవై ముఖాల పాచిక ఒక్కటే వేస్తే 1 నుంచి 20 దాకా ప్రతి అంకెకీ 5 శాతమే. దిబ్బ లేదు, నేలంతా చదును. 1986లో వచ్చిన ‘గర్ప్స్’ అనే ఆట మాత్రం మూడు మామూలు పాచికలు వేయిస్తుంది. మొత్తం 216 రకాల్లో 10 పడేవి 27, 11 పడేవి 27, 3 పడేది ఒక్కటి, 18 పడేది ఒక్కటి. మీ నైపుణ్యం అంకెకి సమానంగానో, తక్కువగానో పడితే నెగ్గినట్టు. నైపుణ్యం 10 ఉన్నవాడికి 50 శాతం, 11కి పెరిగితే 62.5. ఒక్క మెట్టుకి పన్నెండున్నర పాళ్లు లాభం. అదే 15 నుంచి 16కి ఎక్కితే 95.4 కాస్తా 98.1 అవుతుంది, లాభం మూడు పాళ్లు కూడా లేదు. ఈత నేర్చుకున్నా వీణ నేర్చుకున్నా మొదటి నెల ఎదుగుదల పదో ఏడాదిలో కనిపించదు కదా, అదే తీరు. ఇరవై ముఖాల పాచికతో మొదటి మెట్టైనా చివరి మెట్టైనా విలువ 5 శాతమే.

ఇంకో ఉదాహరణ. ఫిషింగ్ హార్బర్‌లో రోజూ మోకులు లాగే మనిషికీ ఒక కాలేజీ కుర్రాడికీ తాడు లాగే పందెం పెట్టామనుకోండి. మోకులు లాగే మనిషి పాచికకి 5 కలుపుదాం. ఇద్దరూ ఇరవై ముఖాల పాచిక వేస్తే కుర్రాడు పైచేయి సాధించే అవకాశం 26 శాతం, నాలుగింట ఒకసారి. అదే 5 కలిపి ఇద్దరి చేతా మూడేసి మామూలు పాచికలు వేయిస్తే 10 శాతం లోపే. మొదటి పుస్తకంలో బలహీనుడికి ఎప్పుడూ ఆశ ఉంటుంది, రెండోదాంట్లో కష్టపడి సంపాదించిన బలానికి విలువ ఉంటుంది. మీ కథ వీటిలో ఏది కోరుతుందో మీకే తెలియాలి. నా మటుకు నాకు మంత్రాలు, డ్రాగన్లు ఉన్న కథకి చదునునేలే నచ్చుతుంది. దారి తప్పిన పడవ, నీళ్ల కోసం వెతుకులాట లాంటి కథకి దిబ్బ కావాలి.

పాచిక వెనకాల లెక్క ఉందన్న ఎరుక మనకి చాలా పాతది. ఋగ్వేదంలోని జూదరి సూక్తం కాలంలో పాచికలంటే తానికాయలే, మన మన్యంలో కాసేవి, త్రిఫలచూర్ణంలో పడేవి. అరణ్యపర్వంలోని నలుడి కథలో ఋతుపర్ణుడనే రాజు రథం మీద వెళ్తూ ఒక తానిచెట్టును చూసి దాని ఆకులు, కాయలు ఎన్నో చెప్పేస్తాడు. బాహుకుడనే సారథి రూపంలో ఉన్న నలుడు నమ్మక, రథం ఆపి లెక్కపెడితే సరిగ్గా అంతే. నలుడు తన అశ్వహృదయం (గుర్రాల విద్య) ఇచ్చి ఆ అక్షహృదయం (పాచికల విద్య) తీసుకుంటాడు, జూదంలో పోయిన రాజ్యాన్ని జూదంలోనే తిరిగి గెలుస్తాడు. చూసీ చూడగానే చెట్టంతటినీ అంచనా కట్టడం, పాచికల మర్మం ఎరగడం ఒకే విద్య అని ఆ కథ చెప్పిన వాళ్లకి తోచింది. ఫ్రెంచి గణితజ్ఞులు పాస్కల్, ఫెర్మా జూదపు లెక్క మీద ఉత్తరాలు రాసుకున్నది 1654లో. ఈ కథ అంతకు ఎంతో ముందుది.

ఇక మూడో రకం, నాకు ఈ మధ్య బాగా దగ్గరైన రకం. 2010లో ‘అపోకలిప్స్ వరల్డ్’ అనే ఆట మొదలుపెట్టిన పద్ధతి, 2012లో ‘డంజన్ వరల్డ్’ దాన్ని డ్రాగన్ల లోకంలోకి తెచ్చింది. రెండు మామూలు పాచికలు వేసి కూడాలి, పాత్ర బలాన్ని కలపాలి. 10 గాని ఆపైన గాని వస్తే అనుకున్నది అయినట్టే. 6 గాని లోపు గాని వస్తే కాలేదు, పైగా ఏదో ముంచుకొస్తుంది. 7 నుంచి 9 వస్తే పని అవుతుంది కానీ ఏదో ఒకటి వదులుకోవాలి. పాత్ర బలం 1 అనుకుంటే ఈ మూడింటికీ వరసగా 28, 28, 44 శాతం. అంటే ఈ ఆటలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది “అయింది, కానీ…” అన్నదే. మన ఇళ్లల్లో చెప్పుకునే కథలు ముందుకు నడిచేది ఆ ‘కానీ’ మీదే. అవును, కాదు తప్ప మూడో జవాబు లేని పుస్తకంలో ఆ ‘కానీ’ని గేమ్ మాస్టర్ ప్రతిసారీ సొంతంగా పుట్టించాలి. ఇక్కడ దాన్ని పాచికే అందిస్తుంది.

పుస్తకం లావు గురించి కూడా చెప్పాలి. 2019లో వచ్చిన ‘పాత్‌ఫైండర్’ అనే ఇంకో ఆట రెండో ఎడిషన్ ముఖ్యగ్రంథం 600 పేజీలు దాటింది. చక్కగా కట్టిన పుస్తకం, యుద్ధం దానంత పకడ్బందీగా నడిపేవి తక్కువ. కానీ మనిషి ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగేవి నాలుగైదు విషయాలే అని మనోవిజ్ఞానం చెబుతుంది. రూలు గుర్తురాక పుస్తకం తీసిన ప్రతిసారీ ఆ నాలుగైదూ చెదిరిపోతాయి, కథ చల్లారుతుంది. పైగా ఈ పుస్తకాలు ఇంగ్లీషులో, మన ఆట తెలుగులో. అందుకని నేనొక పరీక్ష పెడతాను: పాచికల రూలుని తెలుగులో రెండు వాక్యాల్లో మా అమ్మకి చెప్పగలనా? అమ్మ “సరే, వెయ్యి” అందంటే ఆ పుస్తకం మా హాల్లో నడుస్తుంది.

డబ్బు ఖర్చు పెట్టేముందు చదివి చూడటం కూడా సులువే. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఐదో ఎడిషన్ మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, విడుదల చేశారు. ‘డంజన్ వరల్డ్’ పాఠం కూడా అలాంటి అనుమతితోనే దొరుకుతుంది. రెండింటినీ ఒక వారం ఆడి చూసి తర్వాత కొనుక్కోవచ్చు.

పిల్లలు అలాగే చేశారు. మర్నాడు సాయంత్రం మళ్లీ బొర్రా గుహ, మళ్లీ అదే భూతం. ఈసారి ముందు నడిచేది మా మేనకోడలు, చేతిలో రెండు పాచికలు. 4, 3 పడ్డాయి. ఒకటి కలిపితే 8.

“దాటావు” అన్నాను. “భూతం కదల్లేదు. కానీ పట్టీకి చుట్టిన గుడ్డ తడిసి జారిపోయింది, దాంతోపాటే ఒక పట్టీ ఊడి రాళ్ల సందులో పడింది. ఇప్పుడేం చేస్తావ్?”

“వెనక్కి వెళ్తా” అంది వెంటనే. “అది అమ్మమ్మ ఇచ్చిన పట్టీ.”

అలాంటి పట్టీ సంగతి రూల్‌బుక్‌లో లేదు, నా కథలోనూ లేదు. స్నేహితులు ముగ్గురూ వద్దని అరిచారు, తను వినలేదు. రాత్రి తొమ్మిదైంది, ఇళ్ల నుంచి ఫోన్లు రావడంతో అక్కడే ఆపేశాం. పొద్దున్న కాఫీ చేతికిస్తూ మా అమ్మ అడిగింది: “ఇంతకీ ఆ పట్టీ దొరికిందిరా?”