జర్నలిజం పీహెచ్‌డీ: 384 దగ్గర మొదలయ్యే అపోహలు

సినాప్సిస్ పట్టుకొచ్చిన పరిశోధక విద్యార్థిని శాంపిల్ ఎంత, అంటే సర్వేలో ఎంతమందిని అడుగుతారని అడిగితే తరచూ వినిపించే జవాబు 384. ఎందుకు అంతే అంటే, "టేబుల్లో ఉంది సార్" అంటారు.

అపోహ: 384 మంది జవాబిస్తే సర్వే నిలబడుతుంది.

వాస్తవం: ఎంత జనాభాకు ఎంత శాంపిల్ కావాలో చెబుతూ క్రెజ్సీ, మోర్గాన్ అనే పరిశోధకులు 1970లో ఇచ్చిన పట్టికలో పది లక్షల జనాభాకు ఉన్న సంఖ్య అది. లాటరీ తీసినట్టు మనుషుల్ని ఎంచినప్పుడే దానికి విలువ. గూగుల్ ఫారాన్ని వాట్సాప్ గ్రూపుల్లో వదిలి, 384 నిండగానే ఆపేస్తే ఆ పట్టికతో మీకిక సంబంధం లేదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రికకు 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. వాటిని నమ్మి రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని రాసింది. 48 రాష్ట్రాల్లో 46 ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌కే దక్కాయి. పత్రిక వాడిన టెలిఫోన్, కార్ల యజమానుల జాబితాల్లో పేదలు తక్కువ. పైగా జవాబు పంపినవాళ్లే లెక్కకొచ్చారు.

ఊళ్లో సర్వే అయితే ఓటర్ల జాబితా నుంచి లాటరీ తీయండి. కుదరదా, అందుబాటులో ఉన్నవాళ్లనే అడిగామని థీసిస్‌లో రాయండి. అప్పుడు "తెలుగు పాఠకులు ఇలా అనుకుంటున్నారు" అనే వాక్యం మాత్రం రాయకూడదు.

అపోహ: వరుసగా ఒక నెల పేపర్లు తిరగేస్తే ఏడాది కవరేజీ తెలుస్తుంది.

వాస్తవం: ఆ నెలలో ఎన్నికలో, తుపానో వస్తే మిగతా వార్తలన్నీ లోపలి పేజీలకు పోతాయి. ఏడాదిలోని సోమవారాల్లోంచి రెండు, మంగళవారాల్లోంచి రెండు, ఇలా లాటరీ తీసి 14 సంచికలు తీసుకుంటే రెండు 'నిర్మిత వారాలు' అవుతాయి. ఒక దినపత్రిక ఏడాది మొత్తానికి ఇవి సరిపోతాయని 1993లో రిఫ్, ఆస్ట్, లేసీ అనే పరిశోధకులు చూపారు. అరుదుగా వచ్చే అంశమైతే ఇంకా ఎక్కువ సంచికలు కావాలి. మన దగ్గర ఇంకో మెలిక ఉంది. మెయిన్ ఎడిషన్ ఒక్కటే కోడింగ్ చేసి, అంటే వార్తల్ని రకాల వారీగా గడుల్లో వేసి లెక్కపెట్టి, 'గ్రామీణ వార్తలకు చోటు లేదు' అని తేల్చేస్తున్నారు. ఆ వార్తలు ఉండేది జిల్లా పేజీల్లో! ఏ జిల్లా ఎడిషన్ చూశారో రాయని థీసిస్ చదివితే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ శ్రమనంతా ఇంకొకరు సరిచూడలేరు.

అపోహ: ఇద్దరు కోడర్లకు 90 శాతం కలిస్తే కోడింగ్ నమ్మదగినదే.

వాస్తవం: వందలో 90 వార్తలు 'తటస్థం' గడిలోనే, మిగతావి ఇంకో గడిలో పడేవైతే, ఇద్దరూ వార్త చదవకుండా అదే నిష్పత్తిలో టిక్కులు పెట్టినా 82 శాతం కలుస్తాయి. అందుకే కాకతాళీయపు కలయికను తీసేసి లెక్కించే కప్పా అనే కొలత వాడాలి. పై ఉదాహరణలో ఇద్దరికీ 90 శాతం కలిసినా కప్పా సుమారు 0.44 మాత్రమే; పూర్తిగా కలిస్తే అది 1. ఆ కోడింగ్ నిర్వచనాలు మళ్లీ రాసుకోవాల్సిందే.

అపోహ: ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ల పేరు మారిస్తే చాలు.

వాస్తవం: మండలం నుంచి పత్రికకు వార్తలు పంపే కంట్రిబ్యూటర్ విషయంలో చాలదు. పత్రిక పేరు, మండలం పేరు రాస్తే ఊరంతా ఆ మనిషిని గుర్తుపడుతుంది. తేవాల్సిన యాడ్స్ టార్గెట్ గురించి, అచ్చయిన లైన్ల లెక్కన డబ్బిచ్చే లైన్ అకౌంట్ గురించి ఆయన మీకు నమ్మి చెప్పింది పత్రిక డెస్కుకు చేరితే పోయేది ఆయన పనే. మండలం బదులు ప్రాంతం, పత్రిక బదులు 'ఒక ప్రధాన దినపత్రిక' అని రాయండి. ఆ భాగాన్ని సమర్పించే ముందు ఆయనకోసారి చదివి వినిపించండి.